రోహిణి కార్తెలో కొలిచిన నీళ్లు

మా సారు పోయారన్న తంతి గద్వాలలో మా ఇంటికి వచ్చేసరికి నేను నాయన మగ్గం పక్కన నేల మీద బోర్లా పడుకుని సారు గీయమన్న నక్షాలే గీస్తున్నాను. నాగర్‌కర్నూలు దవాఖానాలో పోయారు, వడదెబ్బ. తంతిలో అంతకు మించి ఏమీ లేదు. నాయన మగ్గం ఆపి ఏమైందని అడిగితే చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇది రాస్తున్న ఈ రోజుకీ ఆ మంట చల్లారలేదు. కాబట్టి చనిపోయిన వాళ్ల గురించి మెత్తగా నాలుగు మాటలు చదువుదామని వచ్చినవాళ్లకు నేను పనికిరాను.

వారం తిరక్కుండానే హైదరాబాదులో సంతాప సభ పెట్టారు. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి మా సారును శాంతమూర్తి అన్నారు. మృదుభాషి అన్నారు. జీవితంలో ఎవరినీ నొప్పించని మనిషి అన్నారు. నేను వెనక బెంచీ మీద కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఆయనతో ఒక్క పూటైనా రాళ్ల మధ్య నడిచినవాడు ఆ మాట అనలేడు. మా సారు పచ్చి కోపిష్టి. పెన్సిలు మొద్దుబారితే కోపం, సుత్తి నేలమీద పడేస్తే కోపం, ‘సుమారుగా’ అన్న మాట చెవిన పడితే మరీ కోపం. ఆ కోపం మీద ఇప్పుడు పూలదండలు కప్పుతున్నారంటే, దాని దెబ్బ తిన్నవాళ్లు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటున్నారని అర్థం.

ఆయన విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. పుట్టింది వనపర్తి పక్క పల్లెలో. పాఠం చెప్పేది ఉర్దూలో, మా చేత రాయించేది ఇంగ్లీషులో, తిట్టేది మాత్రం అచ్చమైన పాలమూరు తెలుగులో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు నేను ఎమ్మెస్సీ పరిశోధనకు ఆయన దగ్గర చేరాను. చేరేటప్పుడు నాకు పెద్ద పెద్ద ఆశలుండేవి. బంగారం మీదో వజ్రాల మీదో పని చూపిస్తారనుకున్నాను. తీరా ఆయన ఇచ్చిన పని, మా పాలమూరు నేలలో ఎక్కడ బావి తవ్వితే నీళ్లు పడతాయో రాళ్లను చూసి చెప్పడం. వనపర్తి నుంచి కోడేరు, నాగర్‌కర్నూలు మీదుగా లింగాల దగ్గరి అడవి అంచు దాకా కాలికి బలపం కట్టుకుని తిరగాలి. నా మొహం వేలాడిపోవడం ఆయన చూశారు.

“బంగారం తాగుతరారా మీ ఇంట్ల?” అన్నారు.

అంతటితో విషయం ఖాయమైంది.

మొదటి ఏడు సెలవులన్నీ ఆయన నాతోనే గడిపారు. వనపర్తి రోడ్డు స్టేషనులో రైలు దిగి, బొగ్గు పొగతో నడిచే బస్సు ఎక్కి, అది చెడిపోయిన చోట దిగి, ఎడ్లబండి దొరికితే బండి మీద, లేకపోతే నడిచి వచ్చేవారు. రాగానే నేను ఏరి పెట్టుకున్న రాళ్లన్నీ ముందు నేల మీద పరిచి పెట్టమనేవారు. ఒక్కో రాయిని నాలుకతో తడిపి, ఎండలో తిప్పి చూసి, సగానికి సగం దూరంగా విసిరేసేవారు. నున్నగా, మెరుస్తూ ఉన్న రాళ్లే ఆయన చేతిలో ముందు ఎగిరిపోయేవి. “నీకు నచ్చిన రాయి తెచ్చినవ్, ఈడున్న రాయి తేలే,” అనేవారు. మిగిలిన రాళ్లకు మా నాయన మగ్గం దగ్గర మిగిలిపోయిన ఎర్ర పోగులు కట్టి గుర్తు పెట్టుకునేవాళ్లం. ఆ పోగుల చుట్ట ఒకటి ఎప్పుడూ ఆయన కోటు జేబులో ఉండేది.

ఏ బావి దగ్గరికి పోయినా కొలతలకంటే ముందు ఆ నీళ్లు తాగాల్సిందే. తాగకుండా నీళ్ల గురించి రాసేవాడు దొంగ అని ఆయన లెక్క. ఉప్పగా ఉన్నా, చౌడు వాసన కొట్టినా నేను గుక్క మింగేదాకా వదిలేవారు కాదు. దిగుడు బావుల నీళ్లను మాత్రం తన చేతిరుమాలులో వడగట్టి ఇచ్చేవారు. ఎందుకని ఒకసారి అడిగితే ప్యాంటు పైకి మడిచి కుడికాలి పిక్క మీద ముడుచుకుపోయిన మచ్చ చూపించారు. చిన్నప్పుడు నారికురుపు లేచి, కాలులోంచి వచ్చిన పురుగును పుల్లకు చుట్టుకుంటూ వాళ్లమ్మ రోజుకింత బయటికి లాగిందట. మనుషులు కాళ్లు పెట్టి దిగి ముంచుకునే బావిలోంచే ఆ రోగం వస్తుందని, పైనుంచి చేదుకునే బావి ఉంటే రాదని ఆయనకు పెద్దయ్యాక తెలిసింది. ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా గొంతులో జాలి లేదు, కోపమే ఉంది.

ఇక్కడ మా నేల గురించి ఒక్క మాట చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మా దిక్కు నేల కింద అంతటా గరుకు రాయి. దాన్ని చీల్చుకుని అక్కడక్కడా నల్లరాయి గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. పైకి నల్ల గుండ్ల వరుస మాత్రమే కనబడుతుంది, లోపల గోడ మైళ్ల పొడవున సాగుతుంది. వాన నీళ్లు నేలలోకి ఇంకి, పల్లానికి జారుతూ వచ్చి ఆ గోడకు తగిలి ఆగిపోతాయి. గోడకు ఎగువన తవ్వితే నీళ్లు పడతాయి, దిగువన ఎంత తవ్వినా దుమ్మే. ఆ రెండు రాళ్లు కలిసే చోటును పట్టుకోవడం నాకు చాలా రోజులు చేతకాలేదు. ఒకనాడు ఆయన విసిగిపోయి, “మీ నాయన పట్టంచును నూలు చీరకు ఏడ కలుపుతడో సూస్తవు గద, గట్ల సూడు,” అన్నారు. ఆ తర్వాత నాకు గోడ కనపడకుండా పోలేదు.

కోడేరు అవతల ఒక ఊరుంది. పేరు రాయను, రాస్తే అక్కడివాళ్లకే కష్టం. ఆ ఊరి నడుమ నుంచి నల్లరాతి గోడ పోతుంది. ఎగువన దొర తోట, అందులో ఎండాకాలం కూడా నిండుగా ఉండే బావి. దిగువన వాడ. వాడలో సగంమంది యేసును నమ్మినవాళ్లు, అందరూ కూలి చేసుకునేవాళ్లు, పని లేని నెలల్లో దేశాల మీద పడి చెరువు కట్టలకు మట్టి మోసేవాళ్లు. ఊరూరా తిరిగి నీళ్లు ఆపే కట్టలు పోసిన ఆ చేతులకు సొంత వాడలో గుక్కెడు నీళ్లు లేవు. ఆడవాళ్లు తెల్లవారుజామున పోయి వాగు ఇసుకలో చెలిమె తోడుకుని, ఊరిన నీళ్లను చిప్పతో ఎత్తి కడవలో పోసుకునేవాళ్లు. దొర బావి కనబడేంత దగ్గరలోనే ఉన్నా అందులో చేద వేసే హక్కు వాళ్లకు లేదు.

రెండో ఏడు చివరికి నా థీసిస్ పూర్తయింది. దాన్ని కట్ట కట్టి సారు ముందు పెట్టాను. అప్పటికే ఒక సర్కారీ నౌకరీ నా కోసం చూస్తోంది, సంతకం ఒక్కటే ఆలస్యం. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్లందరికీ ఈ తర్వాతి సంగతి తెలుసు. ఏ నేల మీద పని చేశామో ఆ నేల మీది మనుషుల ముందు నిలబడి, వాళ్లకు తెలిసిన మాటల్లో మొత్తం చదివి చెప్పాలి. ఇంగ్లీషు మాట రాకూడదు, ఉర్దూలో కూడా సర్కారీ కచేరీ మాటలు రాకూడదు. ఎవరైనా ఆవులిస్తే ఆ భాగం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. అది జరిగితేనే ఆయన కలం తీసేవారు. విశ్వవిద్యాలయం నిబంధనల్లో ఎక్కడా లేని ఈ పద్ధతిని చూసి మిగతా ఆచార్యులు నవ్వుకునేవారు.

కోడేరు అవతలి ఆ వాడలో, ప్రార్థన చేసుకునే గుడిసె ముందు, సాయంత్రం పూట నేను చదివాను. సారు నేల మీదే కూర్చున్నారు. బాగా చెప్పాననే అనుకుంటున్నాను, ఎందుకంటే ఎవరూ ఆవులించలేదు. అంతా అయ్యాక మార్తమ్మ అవ్వ అనే ముసలామె, వాడలో అందరూ ఆమె మాటకు విలువిస్తారు, నన్ను కాదని సారును అడిగింది.

“సారూ, నీళ్లు గోడకు ఆవల దిక్కున్నయని సెప్పిండు పిల్లగాడు. ఆవల దొర తోట. ఆడ మేము చేద ఎయ్యనీకె లేదు. మరి గీ పుస్తకం మాకెందుకు సదివిచ్చినవ్?”

సారు లేచి నా చేతిలోని కట్ట తీసుకుని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నారు. బండి ఎక్కాక చెప్పారు, అవ్వ అడిగినదానికి జవాబు నా థీసిస్‌లో లేదని, అది వచ్చేదాకా సంతకం పెట్టనని. ఆమె అడిగింది దొరను అడగాల్సిన మాట, రాళ్లను అడగాల్సింది కాదని నేను ఎదురు చెప్పాను. నౌకరీ పోతుందని కూడా చెప్పాను.

“గోడకు దిగువ దిక్కు నువ్వెన్ని రోజులు తిరిగినవ్? ఆడ నీళ్లు లేవని రాసినవ్. సూసి రాసినవా, అనుకోని రాసినవా?”

నాకు ఆ రోజు ఆయన మీద వచ్చిన కోపం చిన్నది కాదు. నౌకరీ నిజంగానే పోయింది. మా అమ్మ ఆయన పేరెత్తితే మొహం తిప్పుకునేది. ఇవాళ ఆయన లేరు కదా అని ఆ కోపాన్ని నేను వెనక్కి తీసుకోబోవడం లేదు. ఆయన కూడా తీసుకోమనేవారు కాదు. కోపం రానోడు సరిగ్గ కొలువడని ఆయనే అనేవారు.

మళ్లీ గోడ వెంట నడక మొదలైంది. ఈసారి దిగువ వైపు, ఒక్కో గుండును చూసుకుంటూ. వాడకు కొంచెం పక్కగా, సర్కారీ బంజరులో, గుండ్ల వరుస ఒకచోట తెగి కాస్త జరిగి మళ్లీ మొదలవడం కనిపించింది. మొదటి ఏడు నేను ఆ జాగాను ఎడ్లబండి దారి అనుకుని దాటిపోయాను. సారు వచ్చి చూశారు. గోడ అక్కడ పగిలిందన్నారు. పగిలిన చోటు నుంచి ఎగువ నీళ్లు దిగువకు జారుతూ ఉండాలి. ఆ దిశలోనే కొన్ని ఈతచెట్లు వరుసగా పచ్చగా ఉన్నాయి. ఆయన అక్కడ చతికిలబడి చాలాసేపు మట్టిని అరచేతిలో నలుపుతూ కూర్చున్నారు. సంతోషంగా ఉన్నారని నేను ఊహించాలి, మొహంలో మాత్రం ఎప్పటి చిటపటే.

పరీక్ష కోసం ఒక గుంత తవ్వింది వాడవాళ్లే. ఆదివారం ప్రార్థన కాగానే మగవాళ్లు గడ్డపారలతో, ఆడవాళ్లు తట్టలతో వచ్చేవాళ్లు. అడుగున తడి తగిలిన రోజున సారు అక్కడ లేరు. నడుమ ఏడాదికి పైగా రాజ్యంలో గడబిడ, ఊళ్ల మీద రజాకార్లు, బస్సులు లేవు, చదువులు లేవు. సైన్యం వచ్చి అంతా సర్దుకున్నాక గాని మేమిద్దరం మళ్లీ ఆ వాడకు పోలేకపోయాం. అప్పటికి గుంతను బావి చేసుకున్నారు. పైనుంచి చేదుకునే బావి. నేను చివరి అధ్యాయం రాశాను, పగిలిన గోడ గురించి, ఆ బావి గురించి, ఇలాంటి చోట్లు ఇంకా ఎక్కడెక్కడ ఉండవచ్చో దాని గురించి. దానితో థీసిస్ పరీక్షించే సంఘం ముందుకు పోయింది, వాళ్లు సరేనన్నాక సారు సంతకం పడాలి.

ఆ సంఘం అధ్యక్షుడు పెద్దమనిషి. ఏనాడూ గొంతు పెంచడు. చివరి అధ్యాయం శాస్త్రం కాదు, సంఘసేవ అని మెత్తగా చెప్పాడు. ఆ బావిలో ఉన్నవి పోయిన వానల నీళ్లని, నడి ఎండాకాలంలో ఉంటే తప్ప నమ్మలేమని కూడా అన్నాడు. పోయి చూడండని సారు అడిగారు. ఎండలో అంత దూరం రావడం వాళ్లకు వీలుపడదట. పైగా నక్షాల సిరా పలచగా ఉందని తిప్పి ఇచ్చారు. చల్లని గదిలో వట్టివేళ్ల తెర చాటున కూర్చుని ఎండాకాలపు కొలత అడిగినవాళ్లు వాళ్లు. తెమ్మన్నది రోహిణి కార్తె కొలత.

బయటికి వచ్చాక సారు పనులు పంచారు. నక్షాలు గద్వాల పోయి నేను గీయాలి, కొలత తను కొలుస్తారు. నేనూ వస్తానంటే ఒప్పుకోలేదు.

“నువ్వు కొలిస్తే పిల్లగాడు కొలిచిండంటరు. నేను కొలుస్త. ఏమంటరో సూస్త.”

అదే ఆయన నాతో అన్న ఆఖరి మాట. ఆ తర్వాత వచ్చింది తంతి.

సంతాప సభలో శాంతమూర్తి అన్న మాట మొదట అన్నది ఆ అధ్యక్షుడే. సభ అయ్యాక వరండాలో నా భుజం మీద చెయ్యి వేశాడు. పాపం చాలా కష్టపడ్డావు, ఇక నీ బాధ్యత మేం చూసుకుంటాం, సంతకం వేరేవాళ్లతో పెట్టిద్దాం అన్నాడు. “జానేదో బేటా, పోనియ్. ఆ ఆఖరి అధ్యాయం తీసెయ్, నెల తిరిగేసరికి డిగ్రీ నీ చేతిలో ఉంటుంది,” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే పక్కనున్నవాళ్లు నా అదృష్టానికి తలలూపారు. ఆ చేతిని భుజం మీది నుంచి తీసేసి బయటికి నడిచాను. మర్యాద తప్పానని తర్వాత కబురు వచ్చింది. తప్పాను, అయితే ఏంటి?

రోహిణి కార్తె ఇంకా వెళ్లలేదు. ఆ సాయంత్రమే రైలెక్కాను.

వాడలో మార్తమ్మ అవ్వ నన్ను చూసి లోపలికి పోయి చేంతాడు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. దానికి ఒక చివర రాయి, నడుమ ఒక ముడి, ముడికి మా నాయన మగ్గం ఎర్ర పోగు చుట్టి ఉంది. సారు వచ్చిన రోజున నీళ్లు ఎంతవరకు ఉన్నాయో తాడు దించి చూసి అక్కడ ముడి వేశారట. తర్వాత వాడవాళ్లందరి చేతా బావి మొత్తం తోడించారట. నిలవ ఉన్న వాన నీళ్లయితే తోడితే అయిపోతాయి, ఊట ఉంటే మళ్లీ ముడిదాకా వస్తాయి. అది తేల్చడానికి ఆయన గట్టు మీద కూర్చున్నారు.

“పొద్దుగూకేదాంక గాడ్నే కూసున్నడు. యాపచెట్టు కిందికి రా సారూ అంటె, ఆడికెల్లి ముడి కనపడదన్నడు. మా వాడల గొడుగేడిది? నీళ్లు ముడికి తాకినంక దోసిలి పట్టి తాగిండు. ‘గిప్పుడు కాదనుమను’ అన్నడు. బండెక్కిచ్చినం. తొవ్వల మాట పడిపోయింది.”

నేను తాడు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూ కూడా ఆయన్ని తిట్టుకున్నాను. వాళ్లు నమ్మరని తెలిసీ, నమ్మకుండా ఉండడమే వాళ్ల పనని తెలిసీ, ఎందుకు కూర్చున్నట్టు ఆ ఎండలో? ఎవరి మీద పంతం? ఆ పెద్దమనిషి ఆ వేళకు భోంచేసి పడుకుని ఉంటాడు.

అయితే ఆయన నేర్పిన ఒక పద్ధతి ఉంది. ఒకసారి కొలిస్తే అది కొలత కాదు, రెండోసారి వేరొకరు కొలవాలి. కొలిచినవాడు చచ్చిపోయాడు కాబట్టి ఆ కొలతను కాగితం మీద ఎవరూ ఒప్పుకోరు. మర్నాడు పొద్దున వాడవాళ్లు మళ్లీ బావి తోడారు. అడుగున బురద కనిపించేదాకా తోడి, నీళ్లన్నీ కడవల్లో, తొట్లలో, ఉన్న ప్రతి గిన్నెలో పట్టుకున్నారు. నేను తాడు దించి దాని పై కొసను ఆయన కట్టిన గట్టు రాయికే కట్టి, ఆయన కూర్చున్న చోటే కూర్చున్నాను. అవ్వ ఊరుకోలేదు. ఒక్కడిని పోగొట్టుకున్నది చాలని, ఆడవాళ్లను పిలిచి నా తల మీద ఈతచాప పట్టించింది. చేతులు నొప్పి పుడితే ఇద్దరు పోయి ఇద్దరు వచ్చేవాళ్లు.

ఊరికే కూర్చోవడం ఎందుకని అవ్వ పుస్తకం చదవమంది. సంచిలోంచి ఆఖరి అధ్యాయం తీశాను. సారు సంతకం లేని అధ్యాయం, తీసెయ్యమన్న అధ్యాయం. పగిలిన గోడ దగ్గర మొదలుపెట్టి వాళ్లకు తెలిసిన మాటల్లో చివరిదాకా చెప్పాను. ఇందులో ఒక్క అక్షరం తీయను, ఇలాగే మళ్లీ ఆ సంఘం ముందు పెడతాను. ఎన్నిసార్లు తిప్పి పంపితే అన్నిసార్లు పెడతాను. పంపే ప్రతిసారీ కొత్త రోహిణి కొలత జత చేస్తాను. చదవడం అయ్యాక అవ్వ ఈసారి ప్రశ్న అడగలేదు. లేచి గట్టు దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసింది.

పొద్దు వాలుతోంది. చాప పట్టిన ఆడవాళ్లు కూడా వంగి చూస్తున్నారు. నీళ్లు కదులుతున్నాయో లేదో తెలియనంత నిదానంగా పైకి వస్తున్నాయి. ముడి కింద తాడు తడిసింది. ఎర్ర పోగు అంచు తడిసి నల్లబడింది. కాసేపటికి పోగు మొత్తం నల్లబడింది, ఆ తర్వాత ముడి నీళ్లలో మునిగిపోయింది.